పిలిస్తే రాని బండోడు

మద్దిలేటి సారు "కూర్చో" అంటే బండోడు కూర్చునేవాడు. "ఉండు" అంటే ఉన్నచోటే ఉండేవాడు. "రా" అంటే మాత్రం తోక ముడుచుకుని పారిపోయేవాడు.

బండోడంటే మఠం కుక్క. మా అమ్మమ్మ ఓబులమ్మ కుందూ ఒడ్డున కంబగిరయ్య మఠంలో పద్దెనిమిదేళ్ళు వంట చేసింది. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆమె వాణ్ణి ఎన్నడూ "అది" అనలేదు. నాకూ నోరు రాదు.

వాడు మఠానికి వచ్చిన తీరు ఇది. అక్కడికి రెండు మైళ్ళలో నాపబండలు కోసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. ఏదో తగాదా వచ్చి ఆ ఎండాకాలం మూతబడింది. కూలీలు ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. కాపలా కుక్కను విప్పాలని ఒక్కరికీ తోచలేదు. మూడోనాడు కంబగిరయ్య, శిష్యుడు మద్దిలేటి సారు ఆ దారిన వస్తుంటే, పగిలిన బండల నడుమ ఇనుప కమ్మికి గొలుసుతో కట్టి కనిపించాడు. మొరగడానికి గొంతు కూడా లేదు. మెడ చుట్టూ గొలుసు కోసుకుపోయి పుండు పడింది.

సారు తన చెంబులో నీళ్ళతో తువ్వాలు తడిపి వాడి నోట్లో పిండాడు. కమ్మి నుంచి గొలుసు ఊడదీసి, వాణ్ణి భుజాన వేసుకుని రెండు మైళ్ళూ నడిచాడు. బండల మధ్య దొరికాడు గనుక బండోడన్నారు.

సారు ముప్ఫయ్యొక్క ఏళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఆయన ఈల ఊదితే నాలుగు వందలమంది పిల్లలు ఒంటికాలి మీద నిలబడేవాళ్ళట. ఉద్యోగం అయిపోయిన ఏడే భార్య పోయింది. ఇంట్లో కాలు నిలవక మఠానికి వచ్చేశాడు. వచ్చినా ఖాకీ నిక్కరు మానలేదు. మెడలో రుద్రాక్షమాల, దాని పక్కనే ఈల. జపంలో కూర్చుంటే ఒక్కోసారి చెయ్యి రుద్రాక్షను వదిలి ఈలను తిప్పుతూ ఉండేదని అమ్మమ్మ నవ్వేది.

"మనిషికైనా జంతువుకైనా క్రమశిక్షణ ఒకటే ఓబులమ్మక్కా," అన్నాడు సారు, వాడు కాస్త తేరుకున్నాక. "పది రోజులు చూడు. ఈ మఠంలో నీకంటే బుద్ధిగా ఉంటాడు."

"నాకంటే బుద్ధిగా ఉంటే వంట కూడా వానికే నేర్పు సారూ. నేను కాశీకి పోతా," అంది అమ్మమ్మ.

ఊరికే అనడం కాదు, సారు చెయ్యి మంచిదే. వీపు నిమురుతూ, జొన్నరొట్టె తునక ముక్కుకు పైగా పట్టి, మూడు రోజుల్లో కూర్చోవడం నేర్పాడు. మరో మూడు రోజుల్లో, రొట్టె ఎదురుగా పెట్టినా "ఉండు" అంటే ముట్టకుండా ఉండడం నేర్పాడు. చొంగ కారిపోతున్నా వాడు కదిలేవాడు కాదు. మఠానికి ఎవరు వచ్చినా సారు వాళ్ళను పశువుల కొట్టం ముందుకు తీసుకుపోయి ఈ విద్య చూపించేవాడు. మఠంలోని పెద్దగురువు సమాధికి దణ్ణం పెట్టుకుందామని వచ్చినవాళ్ళు ముందు బండోణ్ణి చూడాల్సి వచ్చేది.

అయ్య అరుగు మీద కూర్చుని ఇదంతా చూస్తుండేవాడు. అందరూ కంబగిరయ్యను అయ్య అనే పిలిచేవాళ్ళు. సన్నగా, చిన్నగా ఉండే మనిషి. మాటలు తక్కువ. ఏరువాక దగ్గరపడుతోందని విత్తనానికి బుడ్డలు ఒలుస్తూ ఉండేవాడు. మా వైపు వేరుశనక్కాయలను బుడ్డలంటాం. పొర చిట్లిన గింజ మొలవదు గనుక, వాటిని వేరుగా ఒక చేటలో వేసేవాడు.

సారుకు చిక్కు సాయంత్రం పూట వచ్చేది.

రోజూ చల్లబడ్డాక బండోణ్ణి కుందూ ఇసుకలోకి తీసుకుపోయి గొలుసు విప్పేవాడు. ఏళ్ళ తరబడి ఒక కమ్మి చుట్టూ తిరిగిన కాళ్ళు అవి. ఇసుకలో వాడి పరుగు చూస్తే అమ్మమ్మకు కళ్ళు చెమర్చేవట. పొద్దు కుంకే వేళకు సారు ఈల ఊది "బండోడా, రా!" అని పిలిచేవాడు. మొదటి రోజు వచ్చాడు. సారు గొలుసు తగిలించి తెచ్చి కొట్టంలో కట్టాడు. రెండో రోజు వచ్చాడు గానీ ఆగి ఆగి వచ్చాడు. నాలుగో రోజుకు పది బారల దూరంలో నిలబడి చూశాడు. వారం తిరిగేసరికి, "రా" అన్న మాట చెవిన పడితే చాలు, గట్టెక్కి చిల్లచెట్ల ముళ్ళపొదల్లోకి మాయమయ్యేవాడు.

సారు వెంటపడేవాడు. నిక్కరు నిండా పల్లేరుకాయలు. ఒక్కోసారి వాడు ఎంత మర్యాదస్తుడంటే, దూరంగా ఆగి, తనకు తెలిసిన విద్య చూపిద్దామన్నట్టు బుద్ధిగా కూర్చునేవాడు. సారు దగ్గరికి పోగానే లేచి ఉరికేవాడు. మళ్ళీ అంత దూరాన కూర్చునేవాడు.

చుట్టుపక్కల ఆడవాళ్ళు నీళ్ళకని వచ్చి, బిందెలు దించి, ఇది చూసిగానీ కదిలేవాళ్ళు కాదు.

"ఏం సారూ, పరుగు పందెమా?" అనేవాళ్ళు. "ఎవరు గెలుస్తాండారు?"

ఇంతదాకా అయితే నవ్వులాటే. కానీ ఒక రోజు సుంకన్న వచ్చాడు. మఠం మంచీచెడూ చూసేది సుంకన్న. అన్నదానానికి ధాన్యం తేవడం దగ్గర్నుంచి ఏటా పెద్దగురువు పేరిట జరిగే ఆరాధన నాటి పందిళ్ళ దాకా ఆయనదే భారం.

"సారూ, ఫ్యాక్టరీ మళ్ళీ తెరుస్తాండారంట. కాపలాకు కుక్క కావాలంట. అది మాదే గదా అని మనిషిని పంపినారు. ఆరాధన నాడు ట్రాక్టరు వస్తాది, ఎక్కించి పంపుతామని చెప్పినా," అన్నాడు.

సారు మొహం మాడిపోయింది. "మళ్ళీ ఆ కమ్మికా సుంకన్నా?"

"పోయినేడు ఏం జరిగిందో నువ్వూ చూసినావు గదా," అన్నాడు సుంకన్న. ఆయన గొంతులో కోపం లేదట, బాధే ఉందట. "నిండు బంతిలో ఒక కుక్క పడి అరవై విస్తర్లు తొక్కింది. తిన్నోళ్ళు, తిననోళ్ళు అందరూ లేచిపోయినారు. అన్నం పెట్టే మఠం నుంచి జనం ఆకలితో పోయినారు సారూ. నేను ఆ రోజంతా ముద్ద ముట్టలేదు. నీ కుక్క పిలిస్తే వస్తాదా? వస్తాదని చెప్పు, నేనే ట్రాక్టరు వద్దంటా."

సారు కొట్టం వైపు చూశాడు. ఆయనకు అబద్ధం చెప్పడం చేతకాదు.

ఆ సాయంత్రమే పోయి అయ్య ముందు కూర్చున్నాడు. పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీక్కున్నాడు. తరవాత అన్నాడు.

"అయ్యా, వినే గుణం పుట్టుకతోనే రావాలేమో. కూర్చోమంటే కూర్చుంటాడు, ఉండమంటే ఉంటాడు. పిలిస్తే మాత్రం రాడు. నేనంటే లెక్క లేదు. నాలుగు వందలమందిని ఒక్క ఈలతో నిలబెట్టినోణ్ణి, నా పిలుపుకు ఒక కుక్క రాదంటే ఎట్లయ్యా?"

అయ్య ఒక బుడ్డ చిట్లగొట్టి గింజలు చూసుకున్నాడు.

"వచ్చినోళ్ళు కాళ్ళు కడుక్కునే కాడ బురద అయింది మద్దిలేటీ. తెల్లారి నాలుగు బండలు పరుచు," అన్నాడు.

అంతే. సారు లేచి వచ్చి అమ్మమ్మతో, "అయ్యకు చెవుడొచ్చిందేమో అక్కా," అన్నాడు.

మర్నాడు పొద్దున సారు బండలు పరిచి, చెమట తుడుచుకుని, వేడివేడి ఉగ్గాని తట్ట ముందు కూర్చున్నాడు. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. మొదటి బజ్జీ నోటి దాకా పోయింది.

"మద్దిలేటీ!" అని అరుగు మీద నుంచి పిలుపు.

సారు పరుగెత్తాడు.

"పేడకుప్ప కళ్ళానికి అడ్డమొస్తాంది. ఆ పక్కకు ఎత్తెయ్యి," అన్నాడు అయ్య.

ఎత్తి వచ్చేసరికి ఉగ్గాని చల్లారి బిగుసుకుపోయింది. బజ్జీలు మెత్తబడ్డాయి.

మధ్యాహ్నం సారు దగ్గర చదువుకున్నవాడొకడు దారిన పోతూ ఆగాడు. వేపచెట్టు నీడన ఇద్దరూ పాత ఆటలపోటీల కబుర్లలో పడ్డారు. జిల్లా పోటీల్లో తాడులాట గెలిచిన కథ మంచి పట్టులో ఉంది.

"మద్దిలేటీ!"

"బాయి కాడ తొట్టి పాచి పట్టింది. తోమప్పా."

తొట్టి తోమి వచ్చేసరికి ఆ అబ్బాయి బస్సెక్కి పోయాడు.

తరవాత తుంగచాప వేసుకుని కునుకు తీయబోయాడు. కన్ను మూతపడిందో లేదో, "మద్దిలేటీ!" కట్టెలు ఎండలో ఆరబోయాలి. సాయంత్రం తమలపాకుకు సున్నం రాసుకుంటుంటే, "మద్దిలేటీ!" దూడ తాడు తెంచుకుంది. ఆ మర్నాడూ అంతే. పనిలో ఉన్నప్పుడు ఎవరూ పిలవరు. ఒక మంచి క్షణం దొరికిందా, పిలుపు వస్తుంది. పిలుపు వెనకాల పని వస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం అరుగు మీద నుంచి అయ్య పిలిచాడు. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. లేదు.

అమ్మమ్మ పొయ్యిలోకి ఎండు జొన్నసొప్ప తెచ్చుకుందామని, వెనక దాన్ని కుప్పగా పేర్చిన వామి దగ్గరికి పోయింది. వామికి ఆ పక్కన, నీడన, మోకాళ్ళు ముడుచుకుని మద్దిలేటి సారు కూర్చుని ఉన్నాడు.

"సారూ, అయ్య పిలుస్తాండాడు!"

"ష్! అక్కా, నీకు పుణ్యముంటాది. నేను లేనని చెప్పు."

"యాడికి పోయినాడని చెప్పాల?"

"యాడికైనా పోయినానని చెప్పు. బేతంచెర్లకు పోయినానని చెప్పు!"

అమ్మమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. సారుకు బారెడు దూరంలో, సొప్పలోకి సగం దూరి, చెవులు వెనక్కి పెట్టుకుని బండోడు పడుకుని ఉన్నాడు. సారు నూనెగిన్నె, గొలుసు పట్టుకుని వెతికినా వాడు పొద్దుటి నుంచి దొరకలేదు. మెడ పుండుకు వేపనూనె పూయడానికి సారు "రా" అన్నాడట, అప్పుడు దూరినవాడు.

సారు అప్పుడే వాణ్ణి చూశాడు. వాడూ సారును చూశాడు.

ఇద్దరూ చప్పుడు చేయలేదు. ఇద్దరూ ఒకే పనిలో ఉన్నారు.

అమ్మమ్మకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకుంది. సారు నవ్వలేదట. వాడి కళ్ళలోకి అట్లాగే చూస్తూ ఉండిపోయాడట. తరవాత తన చేతిలోని నూనెగిన్నెను చూసుకున్నాడు. వామికి ఆనించి పెట్టిన గొలుసును చూశాడు. చెయ్యి చాచి దాన్ని వాడికి కనిపించకుండా సొప్పలోకి తోశాడు.

"మద్దిలేటీ!" అని మూడోసారి వినిపించింది.

ఈసారి లేచి పోయాడు. తల నిండా సొప్ప. అయ్య ఎదుట నిలబడి, "ఏం పనయ్యా?" అన్నాడు.

అయ్య ఏమీ అడగలేదు. పక్కన ఉన్న చేటలోంచి వేయించిన బుడ్డలు దోసెడు తీసి సారు చేతిలో పోశాడు. పొర చిట్లినవి. అమ్మమ్మే ఉప్పునీళ్ళు చల్లి వేయించింది.

సారు బుడ్డలు పట్టుకుని నిలబడ్డాడు. "పని ఏందయ్యా?"

"పని లేదు. పో."

సారు రెండడుగులు వేసి వెనక్కి చూశాడు. అయ్య మళ్ళీ ఒలుచుకుంటున్నాడు.

కాసేపటికి, "మద్దిలేటీ!"

వచ్చాడు. ఈసారి బెల్లంముక్క.

"పని?"

"ఏం లేదప్పా. పో."

ఆ రోజు ఐదుసార్లు పిలిచాడు. ఒకసారి భుజం తట్టి పంపేశాడు. ఒకసారి ఊరికే మొహం చూసి నవ్వి పంపేశాడు. మధ్యలో ఒకే ఒక్కసారి, దూడను కట్టేసి రమ్మన్నాడు. సారు ఆ పని గెంతుకుంటూ చేసి వచ్చాడు. పొద్దు వాలేసరికి ఎట్లా అయిందంటే, అయ్య గొంతు సవరించుకుంటే చాలు, సారు ఎదురుగా ఉన్నాడు.

"పిలవలేదే," అన్నాడు అయ్య.

"పిలుస్తారేమోనని," అన్నాడు సారు.

ఆ సాయంత్రం సారు మెడలోంచి ఈల తీసి గూట్లో పెట్టాడు. రుద్రాక్షమాల ఒక్కటే మిగిలితే మెడ బోసిగా ఉందని అమ్మమ్మ అంటే, "తేలిగ్గా ఉంది," అన్నాడట.

ఆరాధనకు ఇంకా తొమ్మిది రోజులున్నాయి.

వేపనూనె పూయాలంటే సారు ఇప్పుడు పిలవడం మానేశాడు. తానే నడిచి వాడి దగ్గరికి పోయి, పక్కన కూర్చుని పూసేవాడు. కట్టేయాలన్నా తానే పోయేవాడు. "చేదు పని ఉంటే మనం పోవాలక్కా. దానికి వాణ్ణి పిలవకూడదు," అన్నాడు. మెడకు గొలుసు తగలకుండా పాత పంచె చింపి మెత్తటి పట్టీ కుట్టాడు. అది కూడా పుండు మీద ఒత్తుకోకుండా వదులుగా.

పిలుపుకు మాత్రం రొట్టె. లేదంటే నిమురుడు. లేదంటే ఊరికే. వాడు కొట్టంలో ఉంటే కొట్టం ముందు గొంతుక్కూర్చుని, గట్టిగా కాకుండా, ఇంట్లో పిల్లను పిలిచినట్టు "రా" అనేవాడు. వస్తే తునక పెట్టి, "పో" అనేవాడు.

మొదటి రోజు వాడు నమ్మలేదు. తునక అందుకుని, గొలుసు ఎక్కడుందోనని సారు వెనక అంతా వెతికాడు. రెండో రోజు తిని అక్కడే నిలబడ్డాడు. "పో అంటే పోవాలప్పా," అని సారే నేర్పాల్సి వచ్చింది. మూడో రోజు పరుగున వచ్చి, తునక తిని, పరుగున పోయి, దూరంగా నిలబడి మళ్ళీ పిలుస్తాడేమోనని చూశాడు. ఆ చూపు చూసి సారు గట్టిగా నవ్వాడట. ఆయన మఠానికి వచ్చిన మూడేళ్ళలో ఆ నవ్వు వినడం అదే మొదటిసారి అనేది అమ్మమ్మ.

రోజుకు డెబ్భైసార్లు పిలిచేవాడేమో. అమ్మమ్మ రొట్టెలు చాలక మొత్తుకునేది. "సారూ, మఠం రొట్టెలన్నీ వానికే అయితే మనం పస్తే!" నీళ్ళకొచ్చే ఆడవాళ్ళకు మాత్రం తమాషా పోయింది. పరుగుపందెం లేదు. సారు ఇసుకలో కూర్చుని పిలవడం, వాడు రావడం. "ఇది చూసేదానికి ఏముందిలే," అని బిందెలెత్తుకుని పోయేవాళ్ళు.

ఆరాధన వచ్చింది.

తెల్లవారుజాము నుంచే జనం. బండ్లు, ట్రాక్టర్లు, నడిచి వచ్చినవాళ్ళు. సమాధి ముందు దీపాలు, భజన. పందిరి కింద బంతికి రెండు వందలమంది చొప్పున కూర్చోబెట్టి వడ్డన. సుంకన్న ముందుజాగ్రత్తగా, "సారూ, ఈ రోజుకు అది కొట్టంలో కట్టి ఉండాల. సాయంత్రం ట్రాక్టరు సంగతి చూద్దాం," అన్నాడు. సారు తానే పోయి, నిమిరి, మెత్తటి పట్టీకి తాడు కట్టి వచ్చాడు.

మొదటి బంతి లేచింది. రెండో బంతి కూర్చుంది. విస్తర్లలో అన్నం, పప్పు, వంకాయ కూర, చివరన పూర్ణం పెట్టిన ఓళిగలు, పైన నెయ్యి. "గురుమహరాజుకు జై" అనగానే చేతులు విస్తర్ల మీదికి పోవాలి.

జై అన్నారు. అదే క్షణంలో బయట ఎవరో ఉత్సాహవంతుడు సుతిలీబాంబు అంటించాడు.

కొట్టంలో బండోడు ఎగిరిపడ్డాడు. వదులుగా ఉన్న పట్టీలోంచి తల జారింది. బెదిరినవాడికి దారి తెలియలేదు. పందిట్లోకి, సరిగ్గా రెండు వరసల నడుమకు వచ్చి పడ్డాడు.

"కుక్క! కుక్క!"

అటూ ఇటూ విస్తర్లు. వాడు అటు దూకినా, ఇటు దూకినా పోయినేటి కథే. సుంకన్న ఒక చేత కర్ర, ఒక చేత గొలుసు పట్టుకుని వరస ఆ చివర నుంచి వస్తున్నాడు. ఆయన మొహం చూస్తే ఏడుస్తాడేమో అన్నట్టుందట. వాడు కర్రను చూశాడు. వెనక కాళ్ళ మీద ఒదిగాడు, దూకడానికి.

ఈ చివర నెయ్యిగిన్నె పట్టుకుని వడ్డిస్తున్నాడు మద్దిలేటి సారు. గిన్నె కింద పెట్టాడు. అరవలేదు. పరుగెత్తలేదు. అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

"బండోడా," అన్నాడు. "రా."

అంత గోలలో ఆ మాట పక్కవాళ్ళకే సరిగ్గా వినపడలేదట. వాడికి వినిపించింది. చెవి ఒకటి ఇటు తిరిగింది. ఒళ్ళు సడలింది. రెండు వరసల నడుమ, మనుషులు వడ్డిస్తూ నడిచే సన్నటి దారిలో, ఒక్క విస్తరి అంచు కూడా తొక్కకుండా, తల వంచుకుని నడుచుకుంటూ వచ్చాడు. వచ్చి సారు మోకాళ్ళ మధ్య మూతి పెట్టాడు.

పందిరంతా అటే చూసింది. ఎవరూ లేవలేదు. ఒక ముసలామె ముందుగా తేరుకుని, "మన పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళ కంటే ఒద్దికగా నడిచె గదమ్మా!" అంది. అందరూ నవ్వి అన్నంలో చెయ్యి పెట్టారు.

సుంకన్న రొప్పుతూ వచ్చాడు. "కట్టెయ్ సారూ! కట్టెయ్! ఇంద గొలుసు!"

సారు ఓళిగల బుట్టలోంచి ఒక తునక తుంచి వాడి నోట్లో పెట్టాడు. మెడ నిమిరాడు. పందిరి బయటికి చెయ్యి చూపి, "పో," అన్నాడు.

వాడు తోక ఊపుకుంటూ వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు.

"చేతికి చిక్కినోణ్ణి వదిలేస్తివే!" సుంకన్న చేతిలో గొలుసు ఊపాడు. "ఎందుకు వదిలినావు?"

"మళ్ళీ పిలవాలనే సుంకన్నా," అన్నాడు సారు. నెయ్యిగిన్నె ఎత్తుకుని వడ్డనలోకి పోయాడు.

బంతి పూర్తిగా తిని లేచింది. ఒక్క విస్తరిలో మెతుకు మిగల్లేదని అమ్మమ్మ చెప్పేది. సుంకన్న ఖాళీ విస్తర్ల వంక చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత వేపచెట్టు వైపు చూశాడు.

"ఫ్యాక్టరీ వాళ్ళకు ఇప్పుడు ఏం చెప్పాల సారూ?"

"కాపలాకు కావాలంటే నన్ను కట్టేసుకోమని చెప్పు. వాణ్ణి వదిలిపెట్టమను."

"నిన్ను యాడ మేపుతారులే, ఓళిగలు తినే మనిషివి," అన్నాడు సుంకన్న. నవ్వు దాచుకుందామనుకున్నాడు గానీ దాగలేదు. "ట్రాక్టరు వద్దని నేనే చెప్పొస్తా."

రెండడుగులు పోయి, తిరిగి వంటింటి వైపు వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"ఓబులమ్మా, ఒక ఓళిగ ఇట్లియ్యి."

"ఇప్పుడే గదన్నా రెండు తింటివి?"

"నాకు గాదులే."

అమ్మమ్మ ఓళిగ ఇచ్చింది. సుంకన్న చేతిలోని గొలుసు భుజాన వేసుకుని, వేపచెట్టుకు కాస్త దూరంలో, పంచె సర్దుకుని, మోకాళ్ళు పటపటమంటుండగా గొంతుక్కూర్చున్నాడు. ఓళిగ చాచి పట్టుకున్నాడు.

"బండోడా, రా. రా నాయనా."

వాడు లేచాడు. ముక్కు ఎగరేసి వాసన చూశాడు. ఒక అడుగు వేశాడు. ఆగాడు. ఓళిగను చూశాడు, సుంకన్నను చూశాడు. అక్కడే నిలబడిపోయాడు.

"సారు పిలిస్తే వస్తివే! నేనేం చేసినానప్పా నీకు?"

అరుగు మీద నుంచి అయ్య గొంతు వినిపించింది.

"ఓళిగ కనపడతాంది సుంకన్నా. గొలుసు కూడా కనపడతాంది."